పక్క బెంచీ వాళ్లు సర్దకపోతే ఏం చేయాలి

హనుమకొండలో ఒక కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఆర్గానిక్ సింథసిస్ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఉన్నది ఒక హాలు, రెండు ఫ్యూమ్ హుడ్లు (ఆవిర్లను బయటికి లాగే గూళ్లు), ఒక రోటావేపర్ (సాల్వెంట్‌ను, అంటే ద్రావకాన్ని, ఆవిరి చేసి తీసే యంత్రం), ఒక బ్యాలెన్స్ (తూకం యంత్రం), ఒక ఫ్రిజ్. వాటి మీద ఆధారపడి మూడు గ్రూపుల స్కాలర్లం ఉన్నాం. పొద్దున వచ్చి రియాక్షన్ పెట్టాలంటే ముందు ఎవరివో ఫ్లాస్కులు జరపాలి, ఎవరో ఒలకబోసిన సిలికా పొడి తుడవాలి, నిన్న ఇక్కడే పెట్టిన స్పాట్యులా ఎక్కడికి పోయిందో వెతకాలి. పని మొదలయ్యేసరికి సగం ఓపిక అక్కడే అయిపోతుంది. ఆ కోపం సాయంత్రం ఇంటిదాకా వస్తుంది.

కొత్తగా చేరిన జూనియర్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. "అక్కా, ఆయన ఏదీ సర్దడు. చెప్దామంటే సీనియర్. ఏం చేయాలె?" ఇన్నేళ్లలో మా దగ్గర ఏది పనిచేసిందో, దేనికోసం పట్టుబట్టాలో, దేన్ని వదిలేయాలో వాళ్లకోసం రాస్తున్నాను. కెమిస్ట్రీ కాకపోయినా, గదిని నలుగురితో పంచుకునే ఏ ల్యాబ్‌ వాళ్లకైనా ఇందులో కొంత పనికొస్తుంది.

పేరు, తేదీ ముందు సాధించండి

శుభ్రత అంటే ఒక్కొక్కరికి ఒక్కో లెక్క. "నాకు ఇట్లనే పని నడుస్తది" అని ఎదుటివాళ్లు అంటే మన దగ్గర జవాబు ఉండదు. అందుకే నేను నీట్‌గా ఉండమని ఎవరితోనూ వాదించను. పేరు లేని సీసా, తేదీ లేని ఫ్లాస్క్ కనిపిస్తే మాత్రం వదలను. లోపల ఏముందో తెలియనిదాన్ని కడగలేం, పారబోయలేం, పక్కకు జరపాలన్నా భయమే. పైగా ఆ భయం పెట్టినవాళ్లకు ఉండదు, వాళ్లకు లోపల ఏముందో గుర్తుంటుంది కాబట్టి. తర్వాత వచ్చేవాళ్లకే కష్టం. చాలాసార్లు ఆ తర్వాత వచ్చేది పొద్దున్నే ఊడ్వడానికి వచ్చే పెద్దమ్మ. ఈ ఒక్క మాట చెప్తే ఎంత మొండివాళ్లయినా ఎదురు చెప్పరు.

లేబుల్ మీద నాలుగు సంగతులు ఉండాలి. లోపల ఏముంది, ఏ సాల్వెంట్‌లో ఉంది, ఎవరిది, ఏ రోజు పెట్టింది. పెద్ద పెద్ద పేర్లు రాయడానికి బద్ధకిస్తారు కాబట్టి మేం నోట్‌బుక్ నంబరు వాడతాం. ఎస్‌ఆర్-2-47 అని ఉంటే, ఎస్‌ఆర్ అనే స్కాలర్ రెండో నోట్‌బుక్‌లో 47వ పేజీ అన్నమాట. ఆ మనిషి ఊళ్లో లేకపోయినా పేజీ తీస్తే ఏం కలిపారో, ఎంత కలిపారో దొరుకుతుంది. అందుకే నోట్‌బుక్కులు ఇంటికి తీసుకెళ్లకూడదన్న నియమం కూడా దీంతోపాటే పెట్టుకోవాలి.

గాజు మీద మార్కర్‌తో రాస్తే ఒక్క అసిటోన్ చుక్క పడగానే చెరిగిపోతుంది. పేపర్ టేపు అంటించి పెన్సిల్‌తో రాయండి, పెన్సిల్ గీతను సాల్వెంట్ ఏమీ చేయలేదు. ఎక్కువ రోజులు ఉండాల్సిన సీసా అయితే దానిమీద ట్రాన్స్‌పరెంట్ టేపు వేయండి. బీకర్ల మీద, కోనికల్ ఫ్లాస్కుల మీద ఉండే చిన్న తెల్ల మచ్చ రాసుకోవడానికే ఉంటుంది. అక్కడ పెన్సిల్‌తో రాస్తే ఓవెన్‌లో పెట్టినా పోదు.

ఇది అమలు కావాలంటే టేపు, పెన్సిల్ చేతికి అందేంత దగ్గర ఉండాలి. మా దగ్గర ప్రతి హుడ్ పక్కన ఒక టేపు చుట్ట వేలాడుతుంది, దానికి దారంతో పెన్సిల్ కట్టి ఉంటుంది. హనుమకొండ చౌరస్తాలో ఏ స్టేషనరీ దుకాణంలోనైనా పేపర్ టేపు దొరుకుతుంది, పెద్ద ఖర్చు కాదు. లేబుల్ రాయడానికి తన బెంచీ దాకా నడిచి వెళ్లాల్సి వస్తే ఎవరూ రాయరు. దీన్ని అలవాటు చేయడానికి ఉపన్యాసాల కంటే ఆ దారమే ఎక్కువ పనిచేసింది.

ఎందుకు సర్దరో కనుక్కోండి

మనకు కోపం వచ్చినప్పుడు ఎదుటివాళ్లు బద్ధకస్తులని అనేసుకుంటాం. కొందరు నిజంగానే బద్ధకస్తులు. కానీ మా ల్యాబ్‌లో నేను గమనించినదాంట్లో ఎక్కువమందికి వేరే కారణాలున్నాయి. కారణం తెలిస్తే సగం పని తేలికవుతుంది.

జమ్మికుంట నుంచి, పెద్దపల్లి నుంచి రోజూ రైలులో వచ్చేవాళ్లున్నారు. కాజీపేటలో సాయంత్రం బండి తప్పితే ఇల్లు చేరేసరికి రాత్రవుతుంది. వాళ్లు రియాక్షన్ వర్కప్ (అయిపోయిన రియాక్షన్ నుంచి కావలసింది వేరుచేసే పని) మధ్యలో గడియారం చూసుకుని, సెపరేటింగ్ ఫన్నెల్ స్టాండుకే వదిలేసి పరిగెడతారు. వీళ్లతో "పోయేముందు సర్దు" అంటే ఉపయోగం లేదు, పోయేముందు వాళ్ల దగ్గర టైమే ఉండదు. మేం నాలుగున్నరకు ఒక అలారం పెట్టుకున్నాం. ఎవరి పని ఎక్కడున్నా ఆ పావుగంట కడగడం, సర్దడం, లేబుల్ రాయడం. తర్వాత ఉండేవాళ్లు మళ్లీ పని చేసుకోవచ్చు. రైలు వాళ్ల బెంచీలు ఆ తర్వాత చాలా మారాయి.

రెండో కారణం కొంచెం లోతైనది. మా దగ్గర 100 మిల్లీలీటర్ల ఆర్‌బీ (రౌండ్ బాటమ్, అంటే గుండ్రటి అడుగున్న) ఫ్లాస్కులు ఎప్పుడూ తక్కువే. కడిగి అందరి ఓవెన్‌లో పెడితే ఎవరో ఒకరు తీసేసుకుంటారు. మురికిగా బెంచీ మీద ఉంచుకుంటే ఎవరూ ముట్టరు. అంటే కొందరు ఫ్లాస్కు తమ దగ్గరే ఉండాలని కావాలనే కడగరు. ఇలాంటి చోట ఎంత చెప్పినా లాభం లేదు. ఒక్కొక్కరికి ఇన్ని ఫ్లాస్కులని పంచి, ఎవరి సెట్ వాళ్ల డ్రాయర్‌లో తాళం వేసుకోనివ్వాలి. మిగిలినవి మాత్రమే కామన్. గుర్తు కోసం ఆర్‌బీ ఫ్లాస్కు మీద వజ్రపు మొన ఉండే డైమండ్ పెన్సిల్‌తో గీకొద్దు. వ్యాక్యూమ్‌లో వాడే గాజుకు గీత పడితే అక్కడే పగులుతుంది.

బ్యాలెన్స్ దగ్గర

అందరిదీ అయిన వస్తువు ఎవరిదీ కాకుండా పోతుంది. మా ల్యాబ్‌లో అన్నిటికంటే ఎక్కువ గొడవలు బ్యాలెన్స్ దగ్గరే జరిగాయి, దాని గురించి కాస్త వివరంగా చెప్తాను.

ఎవరో సోడియం హైడ్రాక్సైడ్ తూచి వెళ్తూ ఒక గుండు పాన్ పక్కన వదిలేశారనుకోండి. వానాకాలమైతే కాసేపట్లోనే అది గాలిలో తేమ పీల్చుకుని చెమర్చడం మొదలుపెడుతుంది. ముందు గుండు మెరుస్తుంది, తర్వాత దాని చుట్టూ సన్నటి తడి వలయం వస్తుంది, చివరికి మొత్తం కరిగి జిగట చుక్కగా మారుతుంది. ఆ చుక్క పాన్ కిందికి జారితే లోపలి లోహం తినేస్తుంది. తర్వాత వచ్చినవాళ్లు నీళ్ల చుక్కేమో అనుకుని వేలితో తుడిస్తే వేలి కొస సబ్బు రాసినట్టు జారుతుంది. చర్మం దెబ్బతింటోందని దానికి అర్థం. వెంటనే నల్లా కింద చాలాసేపు కడుక్కోవాలి.

తుడిచే పద్ధతి ఇది. గ్లవ్స్ వేసుకుని బ్యాలెన్స్ ఆఫ్ చేయండి. పాన్ నిదానంగా పైకెత్తి బయటికి తీయండి. పొడి ఉంటే మెత్తటి బ్రష్‌తో బటర్ పేపర్ మీదికి తీసుకోండి. నోటితో ఊదొద్దు, ఊదితే కొంత మన ముక్కులోకి, కొంత సెన్సర్ సందులోకి పోతుంది. తడి మరకైతే కొంచెం నీళ్లతో తడిపిన టిష్యూ, దాని వెంటనే పొడి టిష్యూ. నీళ్లు నేరుగా పోయకూడదు. పాన్ పెట్టాక లెవెల్ బుడగ వలయం మధ్యలో ఉందో చూసి, తెలిసిన బరువు ఒకటి పెట్టి రీడింగు సరిచూడండి.

ఇక రిజిస్టరు. మొదట్లో మా దగ్గర "వెళ్లేటప్పుడు తుడిచాను" అని ఒక గడి ఉండేది. అందరూ టిక్ పెట్టేవాళ్లు, పాన్ మీద పొడి మాత్రం అలాగే ఉండేది. దాన్ని తీసేసి "నేను వచ్చేసరికి శుభ్రంగా ఉంది / లేదు" అని మార్చాం. అంటే నా గురించి నేను కాదు, నా తర్వాత వచ్చినవాళ్లు రాస్తారు. పైవరసలో నా పేరు, కింది వరసలో "లేదు" అని ఉంటే ఎవరూ ఏమీ అనక్కర్లేదు. రిజిస్టరు పెట్టేవాళ్లందరికీ నేను గట్టిగా చెప్పేది ఈ చిన్న మార్పు గురించే.

పీహెచ్ మీటర్‌కూ ఇదే వర్తిస్తుంది. ఎలక్ట్రోడ్ ఆరిపోయి ఉందా, లేక పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ముంచి ఉందా అన్నది వచ్చినవాళ్లే రాయాలి. డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి పెట్టడం మంచిదని చాలామంది అనుకుంటారు, అది తప్పు. 3 మోలార్ పొటాషియం క్లోరైడే ఉండాలి.

సింకు, బేస్ బాత్

సింకు జాలీలో ఇరుక్కున్న విరిగిన క్యాపిలరీలు (సన్నటి గాజు గొట్టాలు) కంటికి కనపడవు, వేలికి గుచ్చుకున్నాకే తెలుస్తుంది. అందుకే క్యాపిలరీలు, టీఎల్‌సీ ప్లేట్ల (రియాక్షన్ ఎంతదాకా వచ్చిందో చూసే చిన్న పలకల) ముక్కలు, పగిలిన పిపెట్లు సింకులోకి గానీ మామూలు చెత్తబుట్టలోకి గానీ పోకూడదు. మా చెల్లెలు డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లో టెక్నీషియన్. అక్కడ 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనల ప్రకారం పసుపు, ఎరుపు, తెలుపు, నీలం అని వేరువేరు డబ్బాలు తప్పనిసరి, గాజు నీలం రంగుదాంట్లో పడాలి. మాది ఆస్పత్రి చెత్త కాకపోయినా ఆ పద్ధతి నచ్చి, పగిలిన గాజుకు మేం కూడా గట్టి అట్టపెట్టె ఒకటి పెట్టి నీలం కాగితం అంటించాం. పెద్దమ్మకు చూపించి, "ఈ పెట్టె నువ్వు ముట్టొద్దు, మేమే తీస్తం" అని చెప్పాం. చెత్తబుట్టలోంచి నల్ల కవర్ ఎత్తేటప్పుడు ఆమె చేతికి గ్లవ్స్ ఉండవు. ఈ సంగతి తెలిసి కూడా గాజు ముక్క అందులో వేసేవాళ్ల మీద నాకు నిజంగా కోపం వస్తుంది, ఆ కోపాన్ని దాచుకోను కూడా.

సిలికా సింకులో పోస్తే పైపు మూసుకుపోతుంది. మాగ్నెటిక్ బీడ్లు (ఫ్లాస్కులో కలపడానికి వేసే చిన్న అయస్కాంతాలు) నీళ్లతోపాటు కొట్టుకుపోతాయి. స్టీలు సామాన్ల కొట్టులో దొరికే సన్న కన్నాల జల్లెడ సింకు నోటికి సరిపోయేది ఒకటి తెచ్చి పెడితే రెండు బాధలూ తగ్గుతాయి. చివరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తోనే ఉండాలి. మా బోరు నీళ్లతో వదిలేస్తే ఆరాక గాజు మీద తెల్లటి పొర మిగులుతుంది, దాన్ని చూసి తర్వాతివాళ్లు మళ్లీ కడుగుతారు.

బేస్ బాత్‌లో, అంటే గాజు సామాను నానబెట్టే క్షారం తొట్టిలో, ఫ్లాస్కులు వేసి మర్చిపోవడం మరో అలవాటు. అందులో ఉండే పొటాషియం హైడ్రాక్సైడ్ మురికితోపాటు గాజును కూడా మెల్లగా తింటుంది. రోజుల తరబడి ఉంచితే జాయింట్లు మసకబారి సరిగ్గా అతుక్కోవు. గాజు జల్లెడ ఉండే సింటర్డ్ ఫన్నెల్‌, కచ్చితమైన కొలతకు వాడే వాల్యూమెట్రిక్ ఫ్లాస్కు, కాంతి పరీక్షలకు వాడే క్యువెట్‌ అందులో వేయనే కూడదు. బాత్ మూత మీద టేపు అంటించి, వేసినవాళ్లు పేరు, తీయాల్సిన రోజు రాయాలి. ఫ్లాస్కులో క్లోరోఫాం తడి ఉండగా దాన్ని బేస్ బాత్‌లో ముంచొద్దు. గట్టి క్షారంతో క్లోరోఫాం ఉన్నట్టుండి వేడెక్కి ఉరుకుతుంది, పక్కన అసిటోన్ కూడా ఉంటే మరీ ప్రమాదం.

ఇతరుల ఫ్లాస్కు మంచితనంతో కడగొద్దు

ఇది చాలామందికి వింతగా ఉంటుంది. బెంచీ ఖాళీ కావాలి, పక్కవాళ్లు కడగట్లేదు, మనమే కడిగేస్తే పోలే అనిపిస్తుంది. వద్దు. సాల్వెంట్‌లోని తేమ తీయడానికి వేసిన సోడియం ముక్క టోలుయిన్ కింద తెల్లగా పడి ఉంటుంది, చూడ్డానికి ఉప్పు గడ్డలా ఉంటుంది. లిథియం అల్యూమినియం హైడ్రైడ్, సోడియం హైడ్రైడ్ మిగిలిన ఫ్లాస్కులు కూడా బూడిద అంటినట్టే కనిపిస్తాయి. వాటిమీద నల్లా నీళ్లు పడితే హైడ్రోజన్ పుట్టి మంటలు లేస్తాయి. ఎవరు పెట్టారో వాళ్లే క్వెంచ్ చేయాలి, అంటే మిగిలినదాన్ని ప్రమాదం లేకుండా చల్లార్చాలి.

అంతకంటే ముఖ్యంగా, కడిగే పని మెల్లగా ఒకరి మీదే పడుతుంది. ఆ ఒకరు ఎవరో నేను చెప్పక్కర్లేదు. "మీ ఆడపిల్లలు మంచిగ సర్దుతరు కదా" అని మెచ్చుకుంటూనే పని అప్పగిస్తారు. ఆ మెచ్చుకోలుకు నేను నవ్వి ఊరుకోను. "అన్నా, ఈ వారం మీ వంతు, వచ్చే వారం నాది" అని కాగితం చూపిస్తాను. గోడ మీద వారాల వంతులు రాసి ఉండాలి, అందులో అందరి పేర్లూ ఉండాలి, థీసిస్ రాసుకునే సీనియర్ల పేర్లతో సహా. వంతు వచ్చినవాళ్లు ఇతరుల ఫ్లాస్కులు కడగరు. సింకు, బ్యాలెన్స్, వేస్ట్ సీసాలు, ఓవెన్ చూసుకుంటారు, పేరు లేనివి ఒక ట్రేలోకి తీస్తారు, అంతే.

ఆ ట్రే కిటికీ దగ్గర కాకుండా హుడ్ లోపలే ఉండాలి. పేరు లేనిది దొరికిన రోజే టేపు మీద తేదీ వేసి అందులో పెడతారు. వారం రోజులు చూస్తారు. ఎవరూ అడగకపోతే గైడ్ గారికి చూపించి ఆయన చెప్పినట్టు పారేస్తారు. ఆ వారం ఇవ్వడం ముఖ్యం. కోపంలో ఎవరిదో సాంపిల్ పారబోస్తే, అది వాళ్లకు ఆరు నెలల పని అయి ఉండొచ్చు. ఇక ఆ తర్వాత న్యాయం మన వైపు ఉన్నా ఎవరూ వినరు.

వేస్ట్ సీసాలు, ఎండాకాలం

హాలోజన్ (క్లోరిన్, బ్రోమిన్ లాంటివి) ఉన్న సాల్వెంట్లు ఒక సీసా, లేనివి ఒక సీసా. నైట్రిక్ యాసిడ్‌ను మాత్రం ఏ ఆర్గానిక్ వేస్ట్‌తోనూ కలపొద్దు. కలిపితే అప్పటికప్పుడు ఏమీ కాకపోవచ్చు, కొన్ని గంటల తర్వాత గ్యాస్ పుట్టి మూత బిగించిన సీసా పగులుతుంది. ఏ వేస్ట్ సీసానూ మెడ దాకా నింపొద్దు, పైన కొంత ఖాళీ వదలాలి. ఎవరు ఏది ఎంత పోశారో రాసే కాగితం సీసాకే కట్టి ఉండాలి.

మన దగ్గర ఎండాకాలాన్ని వేరే లెక్కలో చూడాలి. డైఇథైల్ ఈథర్ 34.6 డిగ్రీలకే మరుగుతుంది, డైక్లోరోమీథేన్ దాదాపు 40కి. మే నెలలో వరంగల్‌లో బయట 43, 44 ఉంటుంది. రాత్రి ఏసీ ఆపేసి, మూత వదులుగా ఉన్న ఈథర్ సీసాను బెంచీ మీద వదిలేస్తే పొద్దున తలుపు తీసేసరికి గదంతా ఆవిరే. ఆ టైములో ఎవరైనా స్విచ్ వేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. సర్దకపోవడం ఎండాకాలంలో ప్రాణాల మీదికి తెస్తుందని నేను జూనియర్లకు చెప్పేది ఇందుకే. అమ్మోనియా సీసా కూడా ఎండలో వేడెక్కితే లోపల ఒత్తిడి పెరుగుతుంది, చల్లబరిచి హుడ్‌లోనే మూత తీయాలి.

ఈథర్, టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే సాల్వెంట్) సీసాల మీద మూత తెరిచిన తేదీ తప్పకుండా వేయాలి. తెరిచాక గాలి తగిలి పేలే గుణమున్న పెరాక్సైడ్లు తయారవుతాయి. ఎప్పుడో తెరిచి అలమారా మూలకు నెట్టేసిన సీసా మూత చుట్టూ తెల్లటి స్ఫటికాలు కనిపిస్తే ముట్టుకోవద్దు, కదపొద్దు, గైడ్‌కు చెప్పండి.

ఏప్రిల్, మే గాలివానలకు కరెంటు పోతుంది. హాట్‌ప్లేట్ ఆగింది కదా అని అట్లాగే వదిలి ఇంటికి పోతారు. రాత్రి కరెంటు రాగానే ఎవరూ లేని గదిలో అది మళ్లీ కాగడం మొదలుపెడుతుంది. కరెంటు పోతే ముందు చేయాల్సింది స్విచ్ ఆపడం. కండెన్సర్ (ఆవిరిని చల్లబరిచే గాజు గొట్టం) నీళ్ల పైపుకు క్లిప్ బిగించి ఉందో లేదో వెళ్లేముందు చూడాలి. రాత్రి మిగతా నల్లాలన్నీ కట్టేస్తారు కాబట్టి నీటి ఒత్తిడి పెరిగి పైపు ఊడుతుంది.

ఫ్రిజ్ గురించి ఒక్క మాట. అందులో తినేవి పెట్టొద్దు. సంక్రాంతికి ఇంటి నుంచి తెచ్చిన సకినాల డబ్బా అయినా, పెరుగు డబ్బా అయినా బయటి గదిలోనే. మామూలు ఇంటి ఫ్రిజ్‌లో ఈథర్ పెట్టొద్దు, లోపలి థర్మోస్టాట్ నిప్పురవ్వ చాలు.

ఎలా చెప్పాలి

వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టి "ఇది ఎవరిది?" అని అడగొద్దు. గైడ్ కూడా ఉన్న గ్రూపులో అయితే అసలే వద్దు. ఆ మనిషి పరువు పోయిందనుకుంటాడు, ఫ్లాస్కు సంగతి పక్కకు పోయి గొడవ మనిషి మీదికి మళ్లుతుంది. అదే రోజు, ఆ బెంచీ దగ్గరే, పక్కన ఎవరూ లేనప్పుడు చెప్పాలి. వారం రోజులు కడుపులో పెట్టుకుని ఒకేసారి అన్నీ కక్కితే ఎదుటివాళ్లకు ఏదీ గుర్తుండదు.

జూనియర్ అయితే పని అక్కడికక్కడే అయిపోవాలి.

"తమ్మీ, ఈ ఫ్లాస్కు నీదేనా?"

"నాదే అక్కా, రేపు కడుగుత."

"రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే కడుగు. నేను అసిటోన్ పోస్త, నువ్వు బ్రష్ పట్టు."

రెండుసార్లు పక్కన నిలబడితే చాలు, మూడోసారి మనల్ని చూడగానే వాళ్లే లేస్తారు. ఇక్కడ అసిటోన్ పోయడం దాకే మన సాయం, కడగడం వాళ్ల పని.

సీనియర్‌తో సర్దుడు మాట ఎత్తకుండా మన అవసరం చెప్పండి. "అన్నా, మీ రియాక్షన్ ఎప్పటిదాకా నడుస్తది? రెండింటికి నాకు హుడ్‌ల సగం చోటు కావాలె." ఎంత చోటు, ఎన్ని గంటలకు అన్నది స్పష్టంగా ఉండాలి. "జర హుడ్ ఖాళీ చేయండి అన్నా" అంటే సరే అంటారు, ఏమీ మారదు. హుడ్ అడుగున పేపర్ టేపుతో గీత వేసుకుంటే ఇంకా మంచిది. గీత దాటి వచ్చిన స్టాండును చూసి వాళ్లే వెనక్కి జరుపుతారు.

గైడ్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి? ప్రమాదం ఉన్నప్పుడు వెంటనే. పేరు లేని పాత ఈథర్, తప్పు సీసాలో యాసిడ్, రాత్రంతా వదిలేసిన హీటింగ్ లాంటివాటికి ముందు స్నేహితుడికి చెప్పి చూద్దామని ఆగకండి. మిగతావాటికి మూడు నాలుగుసార్లు నేరుగా చెప్పాక వెళ్లండి. వెళ్లినప్పుడు మనిషి పేరు కాకుండా జరిగింది చెప్పండి. "సార్, ఫ్రిజ్‌లో పై అర మొత్తం పేరు లేని వయల్స్ ఉన్నయి. ఒక రోజు పెట్టుకుని అందరం కలిసి చూస్తే బాగుంటది." ఇలా అడిగితే ఏ గైడూ కాదనరు. ఫలానావాడు ఏమీ సర్దడని చెప్తే, మీరూ మీరూ చూసుకోండి అని పంపించేస్తారు.

అందరికీ సెలవులు వచ్చే ముందు

మా దగ్గర ల్యాబ్ పూర్తిగా ఖాళీ అయ్యేది దసరాకు. బతుకమ్మ మొదలైనప్పటి నుంచి ఒక్కొక్కరే ఊళ్లకు పోతారు, ఎవరు చివరగా తాళం వేస్తారో తెలియదు. మేడారం జాతర ఉన్న ఏడాది ఫిబ్రవరి అటూ ఇటూ కూడా ఇదే పరిస్థితి. అందుకే పెద్ద సర్దుడు సెలవుల చివరి రోజున పెట్టుకోవద్దు, అందరూ ఉండే రోజు చూసి ఒక వారం ముందే పెట్టుకోండి. ఫ్రిజ్ ఖాళీ చేసి ఒక్కో సీసా చేతికి తీసుకుని "ఇది ఎవరిది?" అని గట్టిగా అడగాలి. చెయ్యి ఎత్తినవాళ్లు అక్కడే లేబుల్ రాయాలి. చెయ్యి లేవనిది ట్రేలోకి. ఒక పూట పని. మా పెద్దమ్మ ఆ రోజు చాయ్ తెచ్చి పెట్టి, కుర్చీ వేసుకుని మా పని చూస్తుంది.

థీసిస్ సబ్మిట్ చేసి వెళ్లేవాళ్ల సంగతి వేరే. వాళ్లు ఉద్యోగానికి హైదరాబాద్ పోతారు, వాళ్ల వయల్స్ మాత్రం అలమారాలో ఏళ్ల తరబడి ఉంటాయి. నో డ్యూస్ కాగితం మీద గైడ్ సంతకం పెట్టేముందు ఆ స్కాలర్ అలమారా, డ్రాయర్, ఫ్రిజ్ అర చూసి ఇంకొకరు సంతకం చేయాలని అడగండి. పనికొచ్చే కాంపౌండ్లు నంబరుతో సహా తర్వాతి జూనియర్ పేరు మీదికి మారాలి, మిగతావి వేస్ట్‌లోకి పోవాలి. ఈ మాట గైడ్‌తో ఇప్పుడే, ఎవరి సబ్మిషనూ దగ్గర్లో లేనప్పుడే మాట్లాడి పెట్టుకోండి. సబ్మిషన్ నెలలో అడిగే ధైర్యం మనకు ఉండదు, చేసే ఓపిక వాళ్లకు ఉండదు.